పెద్దరికం ఒక ఇంటిది, పెత్తనం మరో ఇంటిది: ఖోసా రాజవంశం చీలికల కథ

2010 జూలైలో దక్షిణాఫ్రికా అధ్యక్షుడు జాకబ్ జుమా ఒక నిర్ణయం ప్రకటించారు. దేశంలో 13 సంప్రదాయ రాజపీఠాలు ఉంటే వాటిలో ఏడింటినే అసలైనవిగా గుర్తిస్తామని, మిగతా ఆరు ఇప్పుడు గద్దె మీదున్నవాళ్ల కాలం తీరాక రద్దవుతాయని. నిలిచే ఏడింటిలో ఖోసా పీఠం ఉంది. పోయే ఆరింటిలో రరాబే పీఠం ఉంది. చిక్కేమిటంటే రరాబేలు కూడా ఖోసాలే. నిలిచిన పీఠం, పోయే పీఠం రెండూ ఒకే తండ్రి కొడుకులవి. ఆ తండ్రి పేరు ఫాలో. 1775లో పోయాడు. ఆయన పోయిన 235 ఏళ్ల తర్వాత ఓ ప్రభుత్వ కమిషన్ కూర్చుని, ఆయన ఇద్దరు కొడుకుల్లో ఎవరి ఇల్లు అసలైన రాజగృహమో తేల్చిందన్నమాట.

అంత పాత దాయాది తగాదా ఇంకా ఎందుకు రగులుతోందో తెలియాలంటే, త్షావే అనే ఖోసా రాజవంశం ఎలా పుట్టిందో, ఎందుకన్ని కొమ్మలు వేసిందో చూడాలి. (ఖోసా పేర్లలో నాలుక చప్పరించినట్టు పలికే ధ్వనులు చాలా ఉన్నాయి. మన లిపిలో వాటికి అక్షరాల్లేవు. ఇక్కడ రాసినవి దగ్గరి ఉచ్చారణలే.)

ముందు ఒక అపోహ తీర్చుకుందాం. ఖోసా అనగానే మనకు నెల్సన్ మండేలా గుర్తొస్తాడు. ఆయన మాతృభాష ఖోసానే. కానీ ఆయన ఖోసా రాజవంశీకుడు కాడు, తెంబు రాజవంశీకుడు. న్గునీ భాషలు మాట్లాడే జనం దక్షిణాఫ్రికా తూర్పు తీరమంతా విస్తరించి ఉన్నారు. ఉత్తరాన జులూలు, స్వాజీలు, ఎన్‌డెబెలేలు. దక్షిణాన ఖోసాలు, తెంబులు, ఎంపోండోలు, మరికొందరు. దక్షిణం వైపు వాళ్లందరి భాషా దాదాపు ఒకటే. తర్వాత మిషనరీలు దాన్ని రాతలో పెట్టినప్పుడు ఖోసా అనే పేరు భాషకు స్థిరపడింది. అందుకే ఖోసా మాట్లాడే ప్రతివాడూ ఖోసా రాజు ప్రజ అనుకుంటాం. తెంబులకు వాళ్ల రాజు వేరు, ఎంపోండోలకు వేరు.

మండేలాను అభిమానంగా పిలిచే 'మడీబా' ఆయన పేరూ కాదు, బిరుదూ కాదు. అది ఆయన ఇసిదూకో, అంటే వంశనామం. 18వ శతాబ్దపు తెంబు నాయకుడు ఒకాయన పేరది. ఇసిదూకోను మన గోత్రంతో పోల్చుకుంటే సగం అర్థమవుతుంది. తండ్రి నుంచి వస్తుంది, అదే ఉన్నవాళ్ల మధ్య పెళ్లి కుదరదు. ఇంటిపేరు దానికి వేరుగా ఉంటుంది. పోలిక చెడేది ఆడపిల్ల దగ్గర. మన దగ్గర పెళ్లయ్యాక గోత్రం మారుతుంది. అక్కడ మారదు. త్షావే ఇంటి ఆడపడుచు ఎక్కడికి కోడలిగా వెళ్లినా చచ్చేదాకా త్షావేనే. రాజకీయం దృష్ట్యా ఇది చిన్న విషయం కాదు. త్షావే రాజుకు పట్టపురాణి త్షావేల్లో దొరకదు, బయటి నుంచే రావాలి. అందుకే తరతరాలుగా తెంబు, ఎంపోండో రాచకన్యలు వస్తూ వచ్చారు.

వేటలో వాటా

మౌఖిక చరిత్రలో వరస ఇలా చెబుతారు: ఎంగునీకి ఖోసా, ఖోసాకు మలంగానా, మలంగానాకు ఎన్‌కోసియమ్‌ంతు. ఇంతవరకూ పేర్లే తప్ప కథ లేదు. అసలు కథ ఎన్‌కోసియమ్‌ంతు కొడుకులతో మొదలవుతుంది. సిరా పెద్ద ఇంటివాడు, వారసుడు. జ్వారా రెండోవాడు. త్షావే చిన్న ఇంటివాడు. త్షావే తల్లివైపు వాళ్ల దగ్గర పెరిగి, పెద్దయ్యాక అన్నల దగ్గరికి తిరిగొచ్చాడు. అందరూ కలిసి వేటకెళ్లారు. త్షావేకు ఒక చిన్న జాతి జింక దొరికింది. వేటలో దొరికినదానిలో నాయకుడికి వాటా పంపడం రివాజు. త్షావే పంపలేదు. మాంసం ముక్క దగ్గర మొదలైన మాట పోరు దాకా వెళ్లింది. సిరా జ్వారాను తోడు తెచ్చుకున్నాడు. త్షావే ఎన్‌గ్వేవు అనే జనాన్ని తెచ్చుకున్నాడు. త్షావే గెలిచాడు.

ఓడినవాళ్లను చంపలేదు, తరమలేదు. సిరా, జ్వారా సంతతులు మామూలు ప్రజల్లో కలిసిపోయాయి. ఈ రోజుకీ ఈస్టర్న్ కేప్‌లో 'నేను సిరాని', 'నేను జ్వారాని' అని వంశనామం చెప్పుకునేవాళ్లు ఉన్నారు. రాజరికం మాత్రం త్షావేలది.

ఈ ముగ్గురూ నిజంగా అన్నదమ్ములేనా? నాకైతే అనుమానమే. ఇలాంటి వంశావళుల్లో 'తమ్ముడు' అన్నమాట తరచు రక్తసంబంధం కంటే కట్టుబాటును చెబుతుంది. బయటి నుంచి బలగంతో వచ్చినవాడు స్థానిక నాయకులను ఓడించి, తర్వాత తరాల్లో అందరూ ఒకే కుటుంబమని చెప్పుకోవడం పరిపాలనకు అనువైన పని. త్షావే తల్లివైపు వాళ్ల దగ్గర పెరిగాడని, పరాయి జనం అండతో గెలిచాడని కథే ఒప్పుకుంటోంది కదా.

బయటివాళ్లను లోపలికి తెచ్చుకోవడం ఈ వంశానికి మొదటి నుంచీ అలవాటే. ఒక ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. త్షావేకు చాలా తరాల తర్వాత త్షీవో అనే రాజు దగ్గర క్వానే అనే సలహాదారు ఉండేవాడు. చేతబడి నేరం పడ్డవాళ్లను చంపి రమ్మని రాజు ఆయన్ను పంపేవాడు. క్వానే వాళ్లను చంపలేదు. దూరంగా, పశువులు మేపుకు బతికే ఖోయ్ అనే వేరే జనం మధ్య దాచాడు. ఏళ్లు గడిచాయి, దాక్కున్నవాళ్లు అక్కడే పెళ్లిళ్లు చేసుకుని పెద్ద సంఖ్య అయ్యారు. రాజుకు మనుషుల అవసరం పడిన రోజున క్వానే వాళ్లందరినీ తీసుకొచ్చి ముందు నిలబెట్టాడు. త్షీవో కోపగించలేదు సరికదా, క్వానేను వాళ్లకు నాయకుడిగా చేశాడు. అలా పుట్టిన గునుక్వేబేలు ఖోసా రాజ్యంలో ఒక ప్రధాన శాఖ అయ్యారు. వాళ్ల నాయకుడి ఒంట్లో త్షావే రక్తం లేదు, ప్రజల్లో సగం మంది ఖోయ్ సంతతి. అయినా ఖోసాలే. త్షావే పెద్దరికాన్ని ఒప్పుకున్నవాడు ఖోసా, అంతే లెక్క.

కొమ్మలెందుకు వేస్తుంది?

ఇక అసలు సూత్రం. ఖోసా రాజుకు చాలామంది భార్యలు. మొదట పెళ్లాడినామె కొడుకు వారసుడు కాడు. వారసుణ్ని కనేది పట్టపురాణి. ఆమెను సాధారణంగా రాజు వయసు మళ్లుతున్నప్పుడు తెస్తారు. ఆమెకిచ్చే కన్యాశుల్కం పశువులను రాజొక్కడే ఇవ్వడు, ప్రజలంతా తలా కొంత వేస్తారు. ఆమె అందరి రాణి కాబట్టి ఆమె కొడుకు అందరి రాజు.

దీని ఫలితం ఊహించండి. రాజు పోయేనాటికి వారసుడు చాలాసార్లు పసివాడు. అప్పటికి వేరే ఇళ్ల కొడుకులు గడ్డాలు పెరిగిన యోధులు. వాళ్లకు మనుషులూ ఉంటారు. రాజు కొడుక్కి సున్తీ చేసేటప్పుడు అదే ఈడు కుర్రాళ్లను ఒక జట్టుగా చేర్చి అందరికీ కలిపి చేస్తారు. ఆ జట్టే జీవితాంతం అతని అనుచరగణం, అతని సలహా మండలి. అలా పెరిగినవాడు తన జట్టుతో కొత్త నదీలోయకు వెళ్లి స్వంత కొలువు పెట్టుకుంటాడు. తండ్రి ఆపడు. కొడుకు వెళ్లిన చోటల్లా త్షావే పేరు వెళుతుంది, రాజ్యం అంత మేర పెరుగుతుంది.

కాబట్టి చీలిక అంటే ఇక్కడ పతనం కాదు, విస్తరణ. కొత్త శాఖ పెద్ద ఇంటి పెద్దరికాన్ని ఒప్పుకుంటుంది. వ్రతాలూ పూజలూ వచ్చినప్పుడు, పెద్ద తీర్పులు వచ్చినప్పుడు పెద్ద ఇంటి వైపు చూస్తుంది. కానీ తన లోయలో పెత్తనం తనదే. తోగు అనే రాజు కొడుకు ఎన్‌టిండే పేరుతో ఒక శాఖ, మరో రాజు ఎన్‌గొండే కొడుకులు ఎండాంగే, హ్లేకేల పేర్లతో రెండు శాఖలు, ఇలా వస్తూనే ఉన్నాయి. త్షీవో కొడుకుల్లో ఒకడైన గ్వాలి సంగతి కొంచెం వేరు. త్షీవో పోయేనాటికి వారసుడు ఫాలో ఇంకా తల్లి కడుపులోనే ఉన్నాడు. గ్వాలి గద్దె లాక్కోబోయాడు. పినతండ్రి వరసైన ఎండాంగే పసివాడి పక్షాన నిలిచి అతణ్ని ఓడించాడు. గ్వాలి కేయ్ నది దాటి పడమటికి పారిపోయి ఖోయ్ నాయకుడి ఆశ్రయం పొందాడు. ఓడినవాడికీ వెళ్లడానికి ఓ దారి, ఆవలి ఒడ్డున జాగా ఉండటమే ఈ వ్యవస్థకు ఊపిరి.

ఫాలో ఇద్దరు రాణులు

ఆ పసివాడు ఫాలో పెద్దవాడయ్యాక ఓ చిక్కు వచ్చిందట. తెంబు రాజకుమార్తె, ఎంపోండో రాజకుమార్తె ఒకే రోజు పెళ్లికూతుళ్లుగా దిగారు. ఎవరిని పట్టపురాణి చేసినా రెండోవాళ్లకు అవమానం. మజేకే అనే పెద్దాయన మధ్యే మార్గం చెప్పాడు: రాజు తల కంటే గొప్పదేముంది, రాజు కుడిచేతి కంటే గొప్పదేముంది? ఒకామె తల, ఒకామె కుడిచెయ్యి. 'కుడిచేతి ఇల్లు' అనే పద్ధతి అలా పుట్టిందంటారు.

కథ అందంగానే ఉంది గానీ, అంతకు ముందు తరాల కథనాల్లోనూ కుడిచేతి ఇంటి కొడుకులు కనిపిస్తారు. కాబట్టి పద్ధతి పాతదే. ఫాలో కాలంలో అది రాజ్యాన్ని రెండు చేసేంత బరువు సంతరించుకుంది, కారణం వెతుకుతూ తర్వాతివాళ్లు ఈ కథ అల్లుకుని ఉంటారు.

పెద్ద ఇంటి కొడుకు గలేకా. కుడిచేతి ఇంటి కొడుకు రరాబే. గలేకా సోదె చెప్పేవాడయ్యాడు. ఇక్కడే జనానికి భయం పట్టుకుంది. మామూలుగా సోదెగాడు ఫలానావాడు చేతబడి చేశాడని చెబుతాడు, శిక్షించేది రాజు. రెండూ ఒకడే అయితే ఇక అడ్డేముంది? రరాబే పేరున్న యోధుడు. తగాదా యుద్ధమైంది. రరాబే ఓడి కేయ్ దాటి పడమటికి వెళ్లాడు. విచిత్రంగా, ముసలి తండ్రి ఫాలో కూడా పెద్ద కొడుకును వదిలి ఈ కొడుకుతోనే వెళ్లాడని చెబుతారు. అవతల అమతోలే కొండల ప్రాంతం హోహో అనే ఖోయ్ రాణిది. రరాబే ఆమె జనంతో పోరాడీ, బేరమాడీ అక్కడ స్థిరపడ్డాడు.

అప్పటి నుంచి కేయ్‌కు తూర్పున గలేకాలు, పడమర రరాబేలు. రరాబేలు ఎన్నడూ తామే పెద్ద ఇల్లు అనలేదు. గలేకాలు ఎన్నడూ కేయ్ దాటి రరాబేలకు ఆజ్ఞలివ్వలేదు. పెద్దరికం గలేకాలది, పెత్తనం ఎవరిది వాళ్లకు. ఇది గుర్తుపెట్టుకుంటే తర్వాత జరిగిందంతా సులువుగా అర్థమవుతుంది.

రరాబే, ఆయన వారసుడు ఎమ్లావు ఇద్దరూ 1782 ప్రాంతంలో తెంబుల మీద పోరులో చనిపోయారు. మళ్లీ పాత పాటే. వారసుడు ఎన్‌గికా పసివాడు, పినతండ్రి ఎండ్లాంబే అతని తరఫున రాజ్యం చూసుకున్నాడు. కుర్రాడు పెద్దయ్యాక పినతండ్రి తప్పుకోలేదు. 1795 ప్రాంతంలో ఎన్‌గికా ఆయన్ను ఓడించి కొంతకాలం బందీగా ఉంచాడు. ఎండ్లాంబే తప్పించుకుని ఫిష్ నది దాటి జూర్‌వెల్డ్ చేరాడు. తర్వాత ఎన్‌గికా పినతండ్రి భార్య తుతూలాను ఎత్తుకొచ్చుకున్నాడు. పిన్ని వరసైన మనిషిని! జనం ఛీ కొట్టారు. చాలామంది అతణ్ని వదిలి ఎండ్లాంబే వైపు వెళ్లిపోయారు.

పాత రోజులైతే కథ అక్కడితో సర్దుకునేది. ఓడినవాడు ఇంకో నది దాటేవాడు. కానీ ఇప్పుడు పడమర ఖాళీ లేదు, బ్రిటిష్ కాలనీ ఉంది. 1812లో కల్నల్ గ్రాహమ్ సైన్యం జూర్‌వెల్డ్ నుంచి దాదాపు 20,000 మంది ఖోసాలను ఫిష్ అవతలికి తరిమేసింది. గునుక్వేబేల నాయకుడు చుంగ్వాను రోగంతో మంచం మీదుండగానే కాల్చి చంపారు. చిన్నబోయిన నేలలో ఎండ్లాంబే, ఎన్‌గికా పక్కపక్కనే ఇరుక్కున్నారు.

సంతకం పెట్టే రాజు కావాలి

వలస పాలకులకు కావలసింది ఒప్పందం మీద సంతకం పెట్టి, పోయిన పశువులకు పూచీ పడే ఒక్క మనిషి. ఖోసా వ్యవస్థలో అలాంటివాడు లేడు. అందుకని తయారుచేశారు. 1817లో గవర్నర్ లార్డ్ చార్ల్స్ సోమర్‌సెట్ ఎన్‌గికాను పిలిపించి, నువ్వే ఖోసాలందరికీ రాజువన్నాడు. మిగతా నాయకులు స్వతంత్రులు, తన మాట వాళ్ల మీద చెల్లదని ఎన్‌గికా మొత్తుకున్నాడు. వినలేదు. బెదిరించి, కానుకలిచ్చి ఒప్పించారు. గలేకా ఇంట్లో హింత్సా అనే అసలు పెద్ద ఉండగా, కుడిచేతి ఇంట్లో సగం జనం వదిలేసిన మనిషికి కిరీటం.

మరుసటి ఏడాది అమలిండే మైదానంలో ఎండ్లాంబే మనుషులు ఎన్‌గికా సైన్యాన్ని తుడిచిపెట్టారు. వాళ్లకు హింత్సా గలేకాల సాయం కూడా అందింది. ఎన్‌గికా కొడుకు మకోమా ఆ పోరులో గాయపడ్డాడు. ఎన్‌గికా బ్రిటిష్‌వాళ్లను ఆశ్రయించాడు, వాళ్లు ఎండ్లాంబే జనం పశువులను 23,000 దాకా తోలుకుపోయారు. దానికి బదులుగా 1819 ఏప్రిల్ 22న ఎండ్లాంబే ప్రవక్త న్కేలే వేల మంది యోధులతో పట్టపగలు గ్రాహమ్స్‌టౌన్ మీద పడ్డాడు. ఫిరంగుల ముందు ఆగలేదు. లొంగిపోయిన న్కేలేను రాబెన్ ద్వీపానికి పంపారు. మరుసటి ఏడాది తప్పించుకోబోయి సముద్రంలో మునిగిపోయాడు. ఆయన మరో పేరు మఖాండా. 2018లో ఆ పట్టణానికి ఆ పేరే పెట్టారు.

గెలిచిన పక్షాన ఉన్న ఎన్‌గికాకు దక్కిందేమిటి? ఫిష్ నుంచి కీస్కామా దాకా ఉన్న నేలను సోమర్‌సెట్ అతని దగ్గర్నుంచే లాక్కున్నాడు.

దీన్ని మించినది 1835లో జరిగింది. అప్పుడు కాలనీతో సాగుతున్న యుద్ధం మొదలుపెట్టింది రరాబేలు. గవర్నర్ డర్బన్ ఈసారి లెక్క తిరగేశాడు. ఖోసాలందరికీ పెద్ద హింత్సా కాబట్టి జవాబుదారీ ఆయనదేనన్నాడు, 50,000 పశువులు, 1,000 గుర్రాలు చెల్లించమన్నాడు. మాట్లాడదామని వచ్చిన హింత్సాను నిర్బంధంలో ఉంచారు. మే 12న ఆయన తప్పించుకోబోతుంటే వెంటాడి కాల్చి చంపారు, శవం చెవులు కోశారు. 1817లో కుడిచేతి ఇంటివాడు సర్వాధికారి, 1835లో పెద్ద ఇంటివాడు సర్వాధికారి. ఏ ఏడు ఎవరి దగ్గర గుంజుకోవాలో ఆ ఏడు వాడే రాజు.

పెద్దరికానికి ఆజ్ఞ లేకపోయినా బలం లేదనుకోకూడదు. 1856లో గలేకా నేల మీద నోంగవూసే అనే అమ్మాయి, పశువులను చంపి ధాన్యం పారబోస్తే పూర్వీకులు లేచొస్తారని చెప్పింది. హింత్సా కొడుకు సారిలి ఆ మాట నమ్మాడు. కేయ్ అవతల ఆయన ఆజ్ఞ చెల్లదు, అయినా పెద్ద ఇంటి రాజు నమ్మాడన్నది అక్కడి నాయకులను కదిలించింది. రరాబే రాజు సాండిలే చాలాకాలం ఊగిసలాడి చివరికి తనూ చంపించాడు. మొత్తం 4 లక్షల పశువులు పోయాయని, 40,000 మంది ఆకలితో చచ్చిపోయారని చరిత్రకారుల అంచనా. బ్రిటిష్ పాలన కిందున్న పడమటి ఖోసా ప్రాంతంలో లక్షా 5 వేల జనాభా రెండేళ్లలో 30,000 లోపుకి పడిపోయింది. గవర్నర్ జార్జ్ గ్రే ఆ అదనులో ఒక్కో శాఖ నాయకుణ్నీ పట్టుకుని రాబెన్ ద్వీపానికి పంపాడు. ఎన్‌గికా కుడిచేతి ఇంటి మకోమా, ఎండ్లాంబే కొడుకు ఎమ్హాలా, గునుక్వేబే ఫాటో. 1877-78 చివరి యుద్ధంలో సారిలి, సాండిలే ఒకే పక్షాన పోరాడారు. సాండిలే అడవిలో తూటాకు బలయ్యాడు. సారిలి అజ్ఞాతంలో 1892 దాకా బతికాడు.

తర్వాత వర్ణవివక్ష ప్రభుత్వం కేయ్ నదినే సరిహద్దు చేసి రెండు 'స్వతంత్ర దేశాలు' గీసింది. 1976లో తూర్పున ట్రాన్స్‌కై, 1981లో పడమర సిస్కై. గలేకాలు ఒక దేశం, రరాబేలు ఇంకో దేశం. తమకు అనుకూలమైనవాళ్లకు కొత్త రాజపీఠాలు కట్టబెట్టడం కూడా అప్పుడు మామూలైంది. ట్రాన్స్‌కై నేత కైజర్ మతంజీమా తెంబుల్లో ఓ శాఖవాడు, తన శాఖకు విడిగా పీఠం వేయించుకున్నాడు. సిస్కై నేత లెనాక్స్ సేబే మామూలు కుటుంబంలో పుట్టి తనను తాను నాయకుడిగా చేయించుకున్నాడు.

ఈ కల్తీని ఏరడానికే 2004లో ప్రొఫెసర్ తాండబంటు న్లాపో అధ్యక్షతన కమిషన్ వేశారు. మతంజీమా వేయించుకున్న పీఠం కూడా రద్దు జాబితాలోనే ఉంది, దానిమీద నాకు పేచీ లేదు. రరాబేల మాట వేరు. గలేకా పెద్ద ఇల్లు, రరాబే కుడిచేతి ఇల్లు అన్న కమిషన్ మాట నూటికి నూరుపాళ్లు నిజం. రరాబేలే ఎన్నడూ కాదనలేదు. కానీ దానర్థం రరాబేలు గలేకాల కింద పాలింపబడ్డారని కాదు. చట్టానికి పిరమిడ్ కావాలి, పైన ఒక్కడే ఉండాలి. సోమర్‌సెట్‌కు కావలసిందీ అదే, ఉద్దేశాలు వేరైనా.

రరాబే రాజు మఖోబయఖవులేజా సాండిలే 2011లో చనిపోయారు. ఆయన తర్వాత పీఠం బాధ్యత భార్య నోలోయిసో తీసుకున్నారు. ఆమె జులూ రాజు సిప్రియన్ బేకుజులు కూతురు, రాజు గుడ్‌విల్ జ్వెలితినికి చెల్లెలు. త్షావే త్షావేను పెళ్లాడకూడదన్న నియమం ఆమెను అక్కడికి తెచ్చింది. కోంసె (పాత పేరు కింగ్ విలియమ్స్‌టౌన్) ఊరి దగ్గరి ఎమ్ంగేషా కొలువు నుంచి తొమ్మిదేళ్లు ఆమె ఆ శాఖను నడిపారు, 2020 జూలైలో కోవిడ్‌తో పోయారు. బాధ్యత కొడుకు జోంగుఖోలో మీదికొచ్చింది. కేయ్‌కు తూర్పున విల్లోవేల్ దగ్గరి ఎన్‌కాదు కొలువులో అంతకు కొద్ది నెలల ముందే, 2019 నవంబరులో, గలేకా రాజు జ్వెలొంకే సిగ్కావు పోయారు. ఆయన స్థానంలో అహ్లంగేనే సిగ్కావు వచ్చారు.